బీపీ గోలీ, పొడిదగ్గు, బీడీ

ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దిగే రోజులలో మా వీధిలో దగ్గని మనిషి ఉండడు. అటువంటి ఒక ఉదయాన, యార్డులో హమాలీగా పనిచేసిన పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. "సారూ, బీపీ గోలీలు బందు పెట్టిన. ఊపిరితిత్తులకు క్యాన్సర్ వస్తదంట గదా, మనవడు ఫోన్ల సూపెట్టిండు" అన్నాడు. బీపీ చూశాను, 190/110. జేబులో బీడీల కట్ట కనిపిస్తూనే ఉంది.

మనవడు చూపినది పూర్తిగా అబద్ధం కాదు. 2018 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వెలువడింది. బ్రిటన్‌లో బీపీ మందులు మొదలుపెట్టిన 9,92,061 మంది రికార్డులను కెనడా పరిశోధకులు పరిశీలించారు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి 'ప్రిల్'తో ముగిసే మందులు వాడినవారిలో, లోసార్టాన్ వంటి 'సార్టాన్' మందులు వాడినవారికంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ 14 శాతం ఎక్కువగా కనిపించింది. ఆ తేడా ఐదేళ్ళు దాటి వాడినవారిలో స్పష్టంగా బయటపడింది. 14 శాతం అనగానే గుండె ఝల్లుమంటుంది. లెక్క విప్పి చూడండి: రెండు వర్గాల మధ్య ఇతర తేడాలను సర్దకముందు, వెయ్యి మందికి ఏడాదికి 1.2 కేసులకు బదులు 1.6. అంటే పదివేల మందిలో ఏడాదికి నలుగురు అదనం; సర్దిన తరువాతి 14 శాతం లెక్కన అంతకంటే తక్కువే.

ప్రిల్ మందులు శరీరంలో బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం కానివ్వవు. అది ఊపిరితిత్తులలో పేరుకొని పొడిదగ్గు పుట్టిస్తుంది. కణితి ఎదుగుదలకు కూడా అదే తోడ్పడుతుందేమోనని పరిశోధకుల అనుమానం. దీనికి ఎదురువాదమూ ఉన్నది. దగ్గేవారికి ఛాతీ పరీక్షలు ఎక్కువగా చేస్తారు కనుక దాగి ఉన్న క్యాన్సర్ బయటపడి ఉండవచ్చు. పైగా ఎవరు ఎన్నేళ్ళు, ఎంత పొగ తాగారో ఆ రికార్డులలో సరిగా లేదు.

నాకు మాత్రం ఆ దగ్గంటే వేరే భయం. సర్వీసులో ఉండగా, బీడీలు తాగే ఒక రోగికి ఎనలాప్రిల్ రాశాను. కొన్నాళ్ళకు దగ్గుతో వచ్చాడు. మందు వల్ల వచ్చిన దగ్గేనని తేల్చి, మందు మార్చి పంపాను. ఎక్స్‌రే తీయించలేదు. ఐదు నెలల తరువాత అతని కొడుకు తెచ్చిన ఫిల్ములో గడ్డ ఉంది. ముందే చూసి ఉంటే బతికేవాడో లేదో చెప్పలేను. చూడలేదన్నది మాత్రం నిజం.

మందు వల్ల వచ్చిన దగ్గు సాధారణంగా మందు మార్చిన నాలుగు వారాలలో తగ్గుతుంది, కొందరిలో మూడు నెలలు పడుతుంది. మీరు పొగ తాగేవారైతే ఆ గడువు కోసం కాచుకోకండి, ముందే ఎక్స్‌రే తీయించుకోండి. మీ గోలీల పట్టీ మీద ప్రిల్ అని ఉంటే మీ డాక్టరుతో మాట్లాడండి. పొగ తాగేవారికి నేనైతే సార్టాన్ వైపే మొగ్గుతాను. కానీ గుండెపోటు వచ్చినవారికి, గుండె బలహీనపడినవారికి ప్రిల్ ప్రాణం నిలిపే మందు. ఎవరికి వారు మానివేస్తే పక్షవాతం పదేళ్ళు ఆగదు, పది రోజులలోనైనా రావచ్చు.

హమాలీ పెద్దాయన సంచిలోంచి తీసిన పట్టీ అమ్లోడిపిన్. అది అసలు ఆ తరగతి మందే కాదు. నా ఎదుటే ఒక గోలీ వేయించాను.

"మరి బీడీ?" అని అడిగాను.

"అది శిన్నప్పటి సంది ఉన్నదే గద సారూ" అని నవ్వాడు.

ఎక్స్‌రేకు చీటీ రాసి ఇచ్చాను. నిన్నటి వరకు వెళ్ళలేదు.