నయాపూల్ దిగి ఇరుసు కొన్న కథ

పోస్ట్ కొంచెం పెద్దగైంది. బండ్లు నడిపే అన్నలున్నోళ్లు ఓపికతో చదవండి.

ఉట్నూరు దిక్కు మా దాదా బొలెరో నియో నడుపుతడు. ఎన్10 ఆప్షన్, సెకండ్ హ్యాండ్‌ల కొన్నది. దానికి వెనక ఈటన్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటది. అది పోయింది. మా గూడేనికి రోడ్డు లేదు, మధ్యల రెండు వాగులు. పోయినేడు బండి దిగబడితే వదినను నొప్పుల మీద మంచం కట్టి మోసినం. కొత్తది కొనే పైసలు లేవు. "పట్నంల చదువుతున్నరు గదా, మీరే చూడుండ్రి" అన్నడు దాదా. మేం చదివేది బీఏ. ఆ మాట ఊర్ల ఎవరికి చెప్పాలె!

ఆదివారం మేం ఇద్దరం నయాపూల్ కాడ బస్సు దిగి, అఫ్జల్‌గంజ్ మీదుగ పుత్లీబౌలికి నడిచినం.

ఎడ్లబండిని యాది చేసుకోండి. రెండు చక్రాలు దేనికదే తిరుగుతయి, మలుపుల బయటి చక్రం ఎక్కువ దూరం పోతది. ఇంజన్ బండిల ఆ వీలు ఇచ్చేదే డిఫరెన్షియల్. కానీ సాదా దాంట్ల ఒక చక్రం బురదల జారితే, గట్టినేల మీదున్న రెండోదానికి కూడా అంతే తక్కువ బలం అందుతది. లాకింగ్ దాంట్ల రెండు చక్రాల వేగం తేడా నిమిషానికి 100 చుట్ల దగ్గరికొస్తే లోపలి చిన్న బరువులు విచ్చుకొని గొళ్లెం పడుతది, రెండూ ఒక్కటిగ తిరుగుతయి. గంటకు 32 కిలోమీటర్లు దాటినంక మాత్రం పడదు.

మొదటి దుకాణంల "లాకింగే బాబూ" అన్నరు. ఇరుసును చెక్కల మీద పెట్టించి, ఒకరం ముందరి ఫ్లాంజ్ గట్టిగ పట్టుకున్నం, ఒకరం ఒక హబ్ మెల్లగ తిప్పినం. అవతలిది ఉల్టా తిరిగింది. ఇది రెండు రకాలల్ల ఉండేదే. జోరుగ తిప్పినా అట్లనే తిరిగింది. అంటే సాదాది. ఇంకోచోట హబ్ అసలు కదలలే. ఫ్లాంజ్ వదిలితే రెండు హబ్‌లు ఒకే దిక్కు తిరిగినయి. మూత ఇప్పితే లోపల పళ్లకు వెల్డింగ్! అది పెడితే మలుపుల టైర్లు అరుగుతయి, ఇరుసు విరుగుతది.

మూడోది మెల్లగ తిప్పితే ఉల్టా తిరిగింది, జోరుగ తిప్పితే టక్కుమని ఆగింది. మాకు భలే సంబురమైంది. అయినా మూత ఇప్పించినం. బరువులు, గొళ్లెం కనబడ్డయి. అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు ముద్దే ఉంది, ఇనుప ముక్కల్లేవు. ఆయిల్ మాడు వాసన లేదు. క్రౌన్, పినియన్ పళ్లు లెక్కబెట్టి, దాదాకు ఫోన్ చేసి పాతదానితో సరిచూసినం. ఇది మరవకుండ్రి, లెక్క తప్పితే బండి గుణమే మారిపోతది.

చేతితో తిప్పుడు బురదల తిప్పుడు కాదు గదా. అందుకే "పని చేయకుంటే వాపస్" అని బిల్లు మీద రాయించినం. దుకాణపాయన గొణిగిండు గానీ రాసిండు. 18,000 అయినయి. అండ్ల 3,000 మా మెస్ పైసలు.

మొన్న బిగించిండ్రట. దాదా రాత్రి ఫోన్ చేసిండు. మొదటి వాగు దాటినమన్నడు, రెండోదాంట్ల ఇంకా నీళ్లు తగ్గలేదట.