కుడిప్రక్క నిద్ర

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అన్నారు పెద్దలు. మా అబ్బాజాన్ నిద్ర మాత్రం సుఖమెరిగినదే. మామిడికాపు రోజులలో నూజివీడు తోటలోని పాకలో, నులకమంచంపై కుడిప్రక్కకు ఒరిగి, అరచేతిని చెంపక్రింద పెట్టుకొని పడుకొనేవారు. అలా పడుకొనడం సున్నత్ అని మాకు చిన్ననాడే నేర్పారు.

అట్టి నిద్రలో, గురక నడుమ, ఊపిరి ఆగిపోతున్నదని మొదట గ్రహించినది అమ్మీ. గురక ఆగినప్పుడు ఇంటివారందరమూ సంతోషించేవారము. ఆమె ఒక్కతే లేచి కూర్చునేది. (ఇంట్లో పెద్దల గురకను చూచి నవ్వే విద్యార్థులు ఒక రాత్రి మేలుకొని వినవలసినదని నా మనవి.) నిద్రలో గొంతులోని మెత్తని కండరాలు సడలి, నాలుక వెనుకకు జారి, శ్వాసమార్గం మూసికొనిపోతున్నదని, దీనిని స్లీప్ ఆప్నియా అంటారని విజయవాడలో వైద్యులు చెప్పారు. సీపాప్ అనే యంత్రం మాస్కు ద్వారా గాలిని నిలకడగా పంపి ఆ మార్గాన్ని తెరచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సల్లివన్ తన సహచరులతో కలిసి 1981లో దీనిని లోకానికి తెలిపాడు. ఆ తొలినాళ్ళలో మాస్కును రాత్రిరాత్రీ జిగురుతో ముఖానికి అంటించేవారట!

యంత్రం గూర్చి ఇంత చదివిన నేను మాస్కు గూర్చి ఒక్క పుటయైనా చదువలేదు. అదే నా నేరం. ముక్కును, నోటిని కూడ కప్పే పెద్ద మాస్కును, ఖరీదైనది గనుక మేలైనదని కొన్నాను. దుకాణంలో కుర్చీపై కూర్చుండబెట్టి పెట్టిచూచాము; చక్కగా ఇమిడినది. ఇంటికి వచ్చి ప్రక్కకు ఒరుగగానే దిండు దానిని నెట్టినది, గాలి కంటిలోనికి కొట్టినది, గడ్డం సందులలోనుండి బుసలు పెట్టినది. పట్టీలు బిగించాను. చెంపలు కమిలాయి. ముందునుండి వ్రేలాడే గొట్టానికి భయపడి ఆయన వెల్లకిల పడుకొనసాగారు. చాలమందికి ఈ జబ్బు హెచ్చేది వెల్లకిల పడుకొన్నప్పుడే! "రసాలను గడ్డిలో పేర్చేవాడు కాయను నొక్కడు బేటా" అని ఒక్కమాట అని, మాస్కును బీరువాలో పెట్టించారు. మూడు నెలలు అది అక్కడనే ఉన్నది. ఆ మూడు నెలలూ అమ్మీ రాత్రులు కూర్చునే ఉన్నది.

రెండవసారి వెళ్ళినప్పుడు దుకాణంవారిని కుర్చీ కాదు, బల్ల అడిగాను. అబ్బాజాన్‌ను తన దిండుతోనే కుడిప్రక్కకు పడుకొనబెట్టి, యంత్రాన్ని నడిపించి, ఒక్కొక్క మాస్కే పెట్టిచూచాము. ముక్కుపుటాల అంచున మాత్రమే ఆనే చిన్న సిలికోను మాస్కు, గొట్టం నడినెత్తిపై కలిసేది, ఆయనకు కుదిరినది. గడ్డానికి దాని స్పర్శయే లేదు. నోటితో ఊపిరి పీల్చేవారికి ఇది చాలదు, గాలి నోటినుండి జారిపోతుంది. అట్టివారికి సాధారణంగా పెద్దదే తగినది. మా అదృష్టం, ఆయన నోరు మూసికొనియే నిద్రిస్తారు. పట్టీని ఈసారి వదులుగానే ఉంచాము. గాలి నిండగానే ఆ మెత్త తానై ఒదుగుతున్నది.

ఇప్పుడు నడిరాత్రి కరెంటు పోతే ముందు లేచేది అబ్బాజానే. "మిషను ఆగినది, చూడు బేటా" అని నన్ను పిలుస్తారు. అమ్మీ లేవదు. ఇన్వర్టరు కొనవలసి ఉన్నది.