లాకులు చూద్దామన్నాను

ఓడ ప్రయాణంలో సముద్రం కంటె రేవులే ఎక్కువ తగవులు పెడతాయని నాకు 2019 జనవరిలో తెలిసింది.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఆ ఏడు మమ్మల్నిద్దర్నీ కారిబియన్ సముద్రంలో పది రోజుల ఓడ ప్రయాణానికి తీసుకువెళ్ళాడు. ఓడలో తిండికీ పడకకూ లోటు లేదు. అడిగితే పప్పూ అన్నమూ కూడా దొరికాయి. చిక్కల్లా ఓడ రేవులో ఆగినప్పుడే. పొద్దున్న దిగితే సాయంత్రంలోగా మళ్ళీ ఎక్కాలి. ఆ కాస్త వ్యవధిలో ఏం చూడాలో ముందురోజే తేల్చుకుని డబ్బు కట్టాలి.

పనామా దేశంలో కొలోన్ రేవులో మా ఓడ ఒక రోజు ఆగుతుంది. పనామా కాలవకు అట్లాంటిక్ వేపు గుమ్మం ఆ ఊరే. అయితే మా ఓడ కాలవలోకి వెళ్ళదు. వీధి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి పోయే చుట్టం లాంటిదన్నమాట. కాలవ చూడదలచినవాళ్ళు దిగి బస్సెక్కాలి.

ముందు రాత్రి భోజనాల బల్ల దగ్గర మా అబ్బాయి జాబితా చదివాడు.

“రైలెక్కుదాం నాన్నా. 1855లో వేసిన దారి. ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి 77 కిలోమీటర్లు” అన్నాడు.

“నాకు కోతులు కావాలి” అన్నాడు మా మనవడు. వాడికి పదేళ్ళు. గాటున్ చెరువులో పడవ మీద వెడితే దీవుల్లో కోతులు కనిపిస్తాయని ఎక్కడో చదివాడు. వాళ్ళమ్మది కూడా అదే మాట.

“అక్కడ గుడి ఏదన్నా ఉందేమో చూడు నాయనా” అంది మా ఆవిడ.

ఉంది. రేవుకు సుమారు గంట దూరంలో పోర్టోబెలో అనే పాత ఊరుంది. స్పెయిన్ వాళ్ళు పెరూ దేశపు వెండిని అక్కడి సుంకపు ఇంటి మీదుగా తమ దేశానికి తరలించుకుపోయేవారట. ఆ ఊరి చర్చిలో నల్లని క్రీస్తు విగ్రహం ఉంది. ఏటా అక్టోబరు 21న జనం కాలినడకన వచ్చి మొక్కులు తీర్చుకుంటారు. “నల్లనయ్యా! అయితే చూడవలసిందే” అంది మా ఆవిడ.

“మరి మీరో, మావయ్యగారూ?” అంది కోడలు.

“లాకులు చూద్దాం” అన్నాను.

“లాకులా? సిమెంటు గోడలూ, గేట్లూను. ఫోనులో వీడియో చూపిస్తాను కదా” అన్నాడు అబ్బాయి. నాకు జవాబు తోచలేదు. తోచలేదనడం అబద్ధం. చెప్పలేకపోయాను.

సంగతేమిటంటే మా నాన్న లాకుల దగ్గర లష్కరు. ధవళేశ్వరం నుంచి కాకినాడకు పడవలు నడిచిన కాలవ మీద ఒకచోట ఆయన ఉద్యోగం. కాలవ నీళ్ళు అక్కడ ఒక మెట్టు కిందికి దిగుతాయి. పడవ మెట్టు దిగలేదు గనక రెండు జతల తలుపుల మధ్య రాతిగోడలతో ఒక గది కట్టారు. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు వదిలి, మట్టం సరిపోయాక ముందు తలుపులు తీస్తారు. అర్ధరాత్రి వానలో “లాకులోయ్!” అని కేక వినిపిస్తే మా నాన్న గోనె కప్పుకుని, లాంతరు పుచ్చుకుని పరుగెత్తేవాడు. పొడుగాటి దూలానికి భుజం ఆన్చి తలుపు నెట్టేవాడు. ఆ భుజం కాయగాసి ఉండేది. ఆ భుజం మీదే నేను బళ్ళోకి వెళ్ళాను.

తరవాత నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు మారాయి. అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు నాన్న పోయాడు. వాడి సంబంధం మాట్లాడేటప్పుడు వియ్యంకుడుగారు “మీ తండ్రిగారేం చేసేవారండీ?” అన్నారు. “ఇరిగేషన్లో పనిచేసేవారండీ” అన్నాను. ఆయన ఇంజనీరనుకున్నారు. నేను దిద్దలేదు. ఆ దిద్దని తప్పు ఇన్నేళ్ళూ మా ఇంట్లో చలామణీ అవుతూనే ఉంది.

మా ఆవిడ నావేపు ఒకసారి చూసింది. కాపరానికి వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఆ లాకుల దగ్గర ఇంట్లో దీపం పెట్టిన మనిషి. “నాకు గుడీ వద్దు గోపురమూ వద్దు. మీ నాన్న అన్నట్టు లాకులే చూద్దాం” అంది అబ్బాయితో.

లాకులూ, చెరువులో పడవ షికారూ కలిసిన టూరు ఒకటి దొరికింది. రేవు బయట టాక్సీ మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుందన్నాను. కోడలు ఒప్పుకోలేదు. ఓడవాళ్ళు పెట్టిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుందట. మన టాక్సీ ఆలస్యమైతే ఆగదట, తరవాతి రేవుకు మన ఖర్చుతో మనమే చేరుకోవాలట. సబబుగానే తోచింది.

మర్నాడు బస్సులో మాకు దారి చూపినావిడ కొలోన్ ఊరి మనిషి. “దోమలున్నాయా అమ్మా?” అని మా ఆవిడ అబ్బాయి చేత అడిగించింది. ఇప్పుడు భయం లేదుగానీ, 1880లలో ఫ్రెంచివాళ్ళు కాలవ తవ్వబోయినప్పుడు పచ్చజ్వరానికీ మలేరియాకూ వేలమంది రాలిపోయారని ఆవిడ చెప్పింది. మలేరియాను మోసేది దోమ అని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికిందరాబాదులోనే. 1904లో అమెరికావాళ్ళు పని అందుకున్నాక ముందు దోమల మీద పడ్డారు. కాలవ 1914 ఆగస్టు 15న తెరుచుకుంది. అయినా ఆ పదేళ్ళలో కూడా 5,609 మంది చనిపోయినట్టు లెక్కల్లో ఉంది. వాళ్ళలో ఎక్కువమంది బార్బడోస్, జమైకా వంటి దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్లవాళ్ళకు బంగారు నాణేల్లో జీతం, వీళ్ళకు వెండి నాణేల్లో.

“మా ముత్తాత బార్బడోస్ నుంచి వచ్చాడు. వెండి జీతం మనిషి. ఇక్కడ పార పట్టాడు” అందావిడ. మైకు పట్టుకుని, బస్సు నిండా ఉన్న కొత్తవాళ్ళ ముందు, నవ్వుతూ అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అగువా క్లారా అనేచోట గుట్ట మీద నిలబడి చూశాం. ఇవి 2016లో తెరిచిన కొత్త లాకులు. ఒక్కొక్క గది 427 మీటర్ల పొడుగు, 55 మీటర్ల వెడల్పు. మూడు మెట్లలో ఓడను 26 మీటర్లు పైకెత్తి గాటున్ చెరువులో పెడతాయి. ఎత్తడానికి పంపులు లేవు. చెరువు నీరు తన బరువుతో తానే దిగివచ్చి గది నింపుతుంది. పక్కనే తొట్లు కట్టి, వాడిన నీటిలో నూటికి అరవై పాళ్ళు మళ్ళీ వాడుకుంటున్నారు.

పెట్టెలు పేర్చిన ఓడ ఒకటి, మేడలతో ఒక వీధి కదిలి వచ్చినట్టు వచ్చింది. చూస్తూండగానే లేచింది. తలుపులు గోడలోకి పక్కకు జరిగిపోయాయి. నేను వెతుకుతున్నవి అవి కావు. అడిగితే ఆవిడ, దగ్గర్లోనే ఉన్న 1914 నాటి పాత లాకులకు జంట రెక్కల తలుపులేననీ, ఎగువ నీరు నొక్కినకొద్దీ అవి బిగుసుకుంటాయనీ చెప్పింది. మా నాన్న కూడా నాకు అదే చెప్పాడు, అరచేతులు రెండూ కొస కొస కలిపి చూపించి.

నా చేతులు వాటంతటవే అలా కలిశాయి కాబోలు, మనవడు చూశాడు. “తాతయ్యా, నీకెలా తెలుసు?”

“మా నాన్న చూపించాడురా. ఆయన ఇంజనీరు కాదు. లష్కరు. లాకుల తలుపులు భుజంతో నెట్టి తీసేవాడు” అన్నాను. అబ్బాయీ కోడలూ ఇద్దరూ వింటున్నారు.

“ఒక్కడేనా?” అన్నాడు వాడు, ఆ ఇనప తలుపులకేసి చూస్తూ.

“మావి చెక్క తలుపులురా. ఇంత పెద్దవి కావు.”

“అయినా సరే” అన్నాడు.

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. “నాకెందుకు చెప్పలేదు నాన్నా?” అన్నాడు. దానికి మాత్రం నిజంగానే జవాబు తోచలేదు.

మధ్యాహ్నం చెరువులో కోతులు రెండు కనిపించి మనవడి మాట దక్కించాయి. సాయంత్రం ఓడెక్కాక కోడలు, “లాకుల దగ్గర తీసిన ఫొటో మా నాన్నకు పంపాను మావయ్యగారూ” అంది.

“ఏమని రాశావమ్మా?”

“మీరు చెప్పిందే రాశాను.”

వియ్యంకుడుగారి జవాబు రాత్రికి వచ్చింది: “బావగారూ, ఈసారి ఇండియా వచ్చినప్పుడు ఆ కాలవ నాకూ చూపించాలి.”

మా ఆవిడకు చదివి వినిపించాను. “బాగానే ఉంది. మరి నా నల్లనయ్య మాటేమిటి? మీరు నాకొక గుడి బాకీ” అని అటు తిరిగి పడుకుంది.