మళ్ళీ మొదటి పుట

పాతబస్తీ అందం చూడదలచినవారు రంజాను నెలలో రాత్రిపూట వెళ్ళాలి. లాడ్‌బజారులో గాజులు మిలమిలలాడుతుంటాయి. హలీం బట్టీల దగ్గర జనం కిటకిటలాడుతుంటారు. ఆ సందడికి ఆనుకునే ఉన్నది మక్కా మసీదు. కుతుబ్‌షాహీలు మొదలుపెట్టగా 1694లో ఔరంగజేబు పూర్తిచేయించిన కట్టడమిది.

రాత్రి ఇషా నమాజు కాగానే తరావీ నమాజు మొదలవుతుంది. ఖురానులో 114 అధ్యాయాలు. పారాయణకోసం 30 భాగాలు చేశారు. తరావీలో దానిని ఆద్యంతం కంఠస్థం చేసిన హాఫిజు చూడకుండా వినిపిస్తాడు. కొన్ని మసీదులలో మూడు రాత్రులకూ, కొన్నిట పదింటికీ, చాలాచోట్ల 27వ రాత్రికీ పూర్తిచేస్తారు.

ఎంతటివాడికైనా ఒక్కొక్కప్పుడు మాట తడబడుతుంది కదా! అందుకే వెనుక వరుసలో మరొక హాఫిజు చెవి ఒగ్గి నిలుచుంటాడు. తప్పు దొర్లిన మరుక్షణం సరైన మాట అందిస్తాడు. దీనిని ‘లుక్మా’ ఇవ్వడం అంటారు. లుక్మా అంటే ముద్ద. బిడ్డ నోటికి అమ్మ ముద్ద అందించినట్లే!

ముగింపు రాత్రి మరీ చూడదగినది. చివరి అధ్యాయం కాగానే చాలామంది హాఫిజులు అక్కడ ఆగరు. మొదటి అధ్యాయమైన ఫాతిహానూ, రెండవ అధ్యాయపు తొలి వాక్యాలనూ అందుకుంటారు. ఆ తరువాతనే దువా, మిఠాయిల పంపకం.

ఇటువంటి ఆచారమే యూదులలోనూ ఉన్నది. తోరా గ్రంథాన్ని 54 భాగాలు చేసి, వారంవారం చదువుతూ ఏడాదికి పూర్తిచేస్తారు. ఆనాటి పండుగే ‘సిమ్హత్ తోరా’. గ్రంథపు చుట్టలను గుండెలకు హత్తుకుని, ఆడుతూ పాడుతూ ఏడు ప్రదక్షిణలు చేస్తారు. చివరి భాగం దక్కినవాడిని ‘తోరా పెళ్ళికొడుకు’ అంటారు! మోషే మరణంతో గ్రంథం ముగియగానే సృష్టికథ ఎత్తుకుంటారు. అక్కడా చదివేవాడు తడబడితే పక్కవారు దిద్దుతారు. యూదులంటే ఎక్కడివారో అనుకోనక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిమ్’ అనే తెలుగు యూదులు 1991లో ప్రార్థనామందిరం నెలకొల్పుకున్నారు.

ఎందుకింత తొందర? ఒక్కపూటైనా ఆగి ఊపిరి తీసుకోరాదా? పుస్తకం అయిపోయిందనుకున్న నాడే మరపు మొదలవుతుంది. చిన్ననాట ఏళ్ళ తరబడి వల్లెవేసిన హాఫిజు కూడా మననం మానితే, నేర్చినదంతా వాక్యం వెంట వాక్యంగా జారిపోతుంది. మరుసటి రంజానుకు ముందు నిలబడేందుకు అతనికి ధైర్యం చాలదు.

మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. పట్టాభిషేకం చదివి, ప్రసాదం పంచి, మర్నాడే బాలకాండ తెరిచిన తాతలెందరు లేరు!