మంచు కింద ఏమున్నది?

పిల్లలూ! మన తెలుగులో మంచు అన్న మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డిపరకల మీద మెరిసేదీ మంచే. సంక్రాంతి రోజుల్లో మా ఆలూరు నుండి చేవెళ్ళ పోయే దారిలో మర్రిచెట్లను కప్పివేసేదీ మంచే. హిమాలయాల మీద నిలువెత్తున పేరుకొనేదీ మంచే. మొదటి రెండూ ఎండ రాగానే పోతాయి. మూడవది నెలల తరబడి ఉంటుంది. ఒక్కొక్కప్పుడు కొండవాలు నుండి ఊడివచ్చి, కింద ఉన్నవారిని పాతిపెడుతుంది. దానినే మంచుచరియ విరిగిపడటం అంటారు.

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు విరిగిపడిన ప్రమాదం 10 మంది జవానులను బలిగొన్నది. వారిలో ఒకరు కర్నూలు జిల్లా వారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా పోయే దారిలో 7గురు యాత్రికులు ఇట్లాగే చనిపోయారు.

మా బడిలో చదివిన కుర్రవాడొకడు సైన్యంలో చేరి కాశ్మీరులో ఉన్నాడు. ఒక చలికాలం వాళ్ళ అమ్మ నా దగ్గరకు వచ్చి, "సారూ, మంచు దూదిలెక్క ఉంటదంటరు గద! అది మనిషినెట్ల చంపుతది?" అని అడిగింది.

చెప్పటం కన్న చేసి చూపటం మేలు. అరుగు మీద ఒక చెక్కపలక పెట్టి, దానికి గరుకు గుడ్డ చుట్టాను. గుడ్డ మీద గోధుమపిండి పరచి అదిమాను. దానిపైన పలుచగా చక్కెర చల్లాను. ఆపైన మళ్ళీ పిండి జల్లించి, అరచేత్తో మెల్లగా ఒత్తాను. తరువాత పలకను ఒక వైపు కొంచెం కొంచెంగా ఎత్తాను. కొంత ఎత్తు రాగానే పైపిండి ఒక్కసారిగా జారిపోయింది. అడుగుపిండి కదలలేదు. మీరూ చేసి చూడండి.

కొండ మీద జరిగేదీ ఇదే. మంచు కురిసినప్పుడల్లా ఒక పొర ఏర్పడుతుంది. అడుగున కొంచెం వెచ్చగా, పైన గాలి మిక్కిలి చల్లగా ఉంటే, మంచులోని ఆవిరి పైకి ప్రాకుతుంది. అప్పుడు మెత్తని మంచు చక్కెర పలుకుల్లా మారిపోతుంది. పలుకుకూ పలుకుకూ పట్టు ఉండదు. దానిపైన కొత్త మంచు కురిసి, గాలికి గట్టిపడి, పలకలా నిలుస్తుంది. వాలు 30 నుండి 45 డిగ్రీలు ఉన్నచోట ఒక మనిషి బరువు పడినా చాలు, ఆ పలక పగిలి జారుతుంది. ప్రాణాలు తీసిన మంచుచరియల్లో ఎక్కువభాగం ఆ మనుషులో, వారి తోడివారో కదిల్చినవే. జారిన మంచు ఆగగానే బిగిసిపోతుంది. చేయి కదపటానికి కూడా వీలుండదు. పావుగంట లోపల తవ్వితీస్తే చాలామంది బతుకుతారు. ఆపైన ఆశ వేగంగా తగ్గిపోతుంది.

ఆ కుర్రవాడు సెలవు మీద వచ్చినప్పుడు తల్లి ఎదుటే అడిగాను. "సారూ, కాలు పెట్టంగనే లోపల 'ధబ్' మని చప్పుడైతే ఇంక ముందుకు పోం. ఎన్కకు మర్లుతం. బాగా మంచు పడ్డంక ఒకటి రెండు రోజులు నిటారు వాలు దిక్కే పోం," అన్నాడు. కొడుకుకు ఆ సంగతులు తెలుసునని విన్నాక ఆమె ముఖం కొంత తేటపడింది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇప్పుడు మనవాళ్ళు మంచు చూడటానికి మనాలీ, కాశ్మీరు పోతున్నారు. రక్షణశాఖకు చెందిన చండీగఢ్ పరిశోధనా సంస్థ మంచుచరియల హెచ్చరికలు ఇస్తూ ఉంటుంది. బయలుదేరే ముందు వాటిని చూచుకోండి. అక్కడివారు "ఇటు పోవద్దు" అంటే పోకండి.

అట్లా అని, పిల్లలూ, కొండలంటే భయపడవద్దు. నిజామాబాదు జిల్లా పాకాలలో పుట్టిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, 14 ఏళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమె ముందు భువనగిరి గుట్ట మీద ఎక్కటం నేర్చింది, తరువాత డార్జిలింగులో, లడఖ్‌లో మంచును తెలుసుకొన్నది. ఆ తరువాతనే శిఖరం వైపు అడుగు వేసింది.