మేడ మీది పన్ను

ఓట్లడగడానికి వెళ్లినప్పుడల్లా నా జేబులో ఒక కాగితం ఉండేది. మా ఇంటిపన్ను రసీదు. గుమ్మంలో నిలబడి దాన్ని విప్పి, "చూడండి, ఆరు నెలలకు ఇంత కడుతున్నాం. రేపు కొత్త లెక్క వస్తే ఎంతవుతుందో మీరే ఆలోచించుకోండి" అనేవాణ్ణి. జనానికి ఉపన్యాసం కంటే కాగితం మీద గురి ఎక్కువ. పాతికేళ్లుగా స్టేషనరీ కొట్టు నడుపుతున్నవాణ్ణి, ఆమాత్రం తెలుసు.

నిజానికి మునిసిపల్ ఎన్నికలకు నేను నామినేషన్ వేసింది 2020 మార్చిలో. అప్పటికి ఈ పన్ను గొడవే లేదు. మా వీధి మురుగుకాల్వ సంగతి తేల్చుకుందామని ఏ జెండా లేకుండా ఇండిపెండెంటుగా దిగాను. అంతలో కరోనా వచ్చి ఎన్నికలు ఆగిపోయాయి. దాదాపు ఏడాది తర్వాత, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టి, 2021 మార్చి 10న పోలింగ్ అన్నారు. ఈ మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను లెక్కే మారిపోయింది. అంతవరకు ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో అంచనా కట్టి దాని మీద పన్ను వేసేవారు. ఇకమీదట స్థలానికీ కట్టడానికీ రిజిస్ట్రేషన్ విలువ చూసి, నివాసాలకైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం దాకా వేస్తారట. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను. మురుగుకాల్వను పక్కన పెట్టేశాను.

ఒక రాత్రి కొట్టు కట్టేశాక క్యాలిక్యులేటర్ ముందేసుకున్నాను. రిజిస్ట్రేషన్ విలువ కూడా కాదు, మా వీధిలో గజం ఎంత పలుకుతోందో ఆ బజారు ధర పట్టుకుని, దాన్ని పై శాతంతో గుణించాను. పది రెట్లని తేలింది. తేలింది అనకూడదు, తేల్చాను. ఆ "పది రెట్లు" కరపత్రం మీద ఎర్రక్షరాల్లో ఎక్కింది. అమల్లోకి వచ్చేసరికి ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్నారు, 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే అన్నారు. అవన్నీ నాకు ముందే ఎలా తెలుస్తాయని సర్దిచెప్పుకోవచ్చు. కానీ తెలుసుకుందామని ఒక్కరోజైనా మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కలేదు.

మా చివరి సందులో ఒంటిగది రేకులింట్లో ఒక ముసలావిడ ఉండేది. కరపత్రం మనవడి చేత చదివించుకుని, పొద్దుగూకేవేళ కొట్టుకొచ్చింది. ఎదురుగా నిలబడి, కొంగు చివర మెలిపెడుతూ, "నాయనా, ఇల్లు అమ్ముకోవాల్సొస్తుందంటావా?" అంది.

"నాకు ఓటేస్తే అక్కర్లేదమ్మా" అన్నాను.

ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది. చట్టం చేసింది అసెంబ్లీ. రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే ఇంటిపన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టాలన్నది 2020లో కేంద్రం పెట్టిన షరతుల్లో ఒకటి. ఢిల్లీలో పడిన ముడిని విప్పుతానని నేను ఆ సందులో మాటిచ్చాను. పైగా ఆ రేకుల గదికి వచ్చేది 50 రూపాయల పన్ను.

పన్ను తగ్గిస్తానన్నవాణ్ణి ఖర్చైనా తగ్గిస్తానన్నానా అంటే అదీ లేదు. ఏ వీధికెళ్తే ఆ వీధికి ఒక వరం. కాల్వలకు మూతలు, స్తంభాలకు కొత్త దీపాలు, శ్మశానానికి ప్రహరీ. అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, మర్చిపోకుండా. కొట్టు లెక్కలు చూసేది మా ఆవిడే. ఒకరోజు ఆ పుస్తకం తిరగేసి, తెలిసిన మేస్త్రీకి ఫోన్ చేసి ధరలు అడిగి, కింద గీత గీసి మొత్తం వేసింది. "ఇంతకీ మన వార్డు మొత్తం మీద ఇంటిపన్ను ఎంతొస్తుంది?" అని అడిగింది. నాకు తెలియదు. "అది తెలీకుండానేనా ఇన్నాళ్లూ తిరుగుతున్నారు?" అంది. అన్నం ముందు కూర్చుని ఉన్నాను, కోపం నటించి లేచిపోయాను.

తెలియనివి ఇంకా ఉన్నాయి. ఇంటిపన్నంటే ఒకే ముద్ద అనుకునేవాణ్ణి. నీళ్లకు, మురుగుకు, దీపాలకు, చెత్త ఎత్తడానికి అందులో వేరువేరు వాటాలున్నాయి. దాంతోపాటే రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు. "ఈరోజుల్లో లైబ్రరీ ఎవడిక్కావాలండీ?" అని రెండు మూడు చోట్ల నవ్వించాను కూడా. మా పెద్దాడు బ్యాంకు పరీక్షకు రెండేళ్లు చదివింది ఆ లైబ్రరీ బల్ల మీదే.

పోలింగ్ నాలుగు రోజులుందనగా, మా పక్కవీధిలో మిషను కుట్టే ఒకావిడ ఇంటికి వెళ్లాను. రసీదు తీశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దాన్ని చేతిలోకి తీసుకుంది. అంతకుముందెవరూ చేతిలోకి తీసుకోలేదు, దూరం నుంచి చూసి తలూపేవారు. నిదానంగా చదివి, "అన్నయ్యా, దీంట్లో కింద పోర్షనే ఉంది. మేడ మీద రెండు వాటాలు అద్దెకిచ్చావుగా, దాని పన్నేది?" అని అడిగింది.

నా వెనకున్న కుర్రాళ్లలో ఒకడు దగ్గాడు. నేను "అది వేరే రసీదమ్మా" అన్నాను. వేరే రసీదు లేదు. మేడ కట్టినప్పుడు కొలతలకు ఎవరూ రాలేదు, నేనూ వెళ్లి చెప్పలేదు. నెలనెలా అద్దె తీసుకుంటూ, పుస్తకాల్లో మాత్రం ఒంటి అంతస్తు ఇంట్లో కాపురమున్నాను. ఒట్టేసి చెప్తున్నాను, ఆవిడ అడిగేదాకా నాకది దొంగతనమని తట్టనే లేదు. ఆవిడకు రెండు గదులు. పన్ను ఏప్రిల్లోనే ఏడాదంతా కట్టేస్తుందట, 5 శాతం రాయితీ కోసం.

మార్చి 14న లెక్కింపు. నాకు 143 ఓట్లు, మూడో స్థానం. డిపాజిట్ పోయింది. పార్టీల డబ్బు ముందు నిలబడలేకపోయానని అందరికీ చెప్పుకున్నాను. కొంతవరకు అది నిజమే. కానీ ఆ మిషనావిడ వీధి నుంచి నాకు ఎన్ని పడి ఉంటాయో నాకు అంచనా ఉంది.

వెంటనే వెళ్లి మేడ సంగతి రాయించానని చెప్పుకుంటే బాగుంటుంది. ఏడు నెలలు పట్టింది. మా ఆవిడే పోరి పోరి అర్జీ పెట్టించింది. వార్డు సచివాలయం నుంచి ఒక కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. కింద కొలిచాడు, పైన కొలిచాడు, అద్దెవాళ్ల వంటగదిలోకి కూడా వెళ్లొచ్చాడు. కాఫీ ఇచ్చాం. అరుగు మీద కూర్చుని రాసుకుంటూ, "మేడ ఎప్పుడు కట్టారంకుల్?" అన్నాడు.

"రెండేళ్లవుతుందేమో" అన్నాను. నోటికి అలా వచ్చేసింది.

కుర్రాడు రాయబోయి తల పైకెత్తాడు. మా పిట్టగోడ మీద, ఓం గుర్తు కింద, మేస్త్రీ ముచ్చటపడి సిమెంటుతో పోసిన అంకెలున్నాయి. 2011. ఒకటి దగ్గర కొంచెం పెచ్చు ఊడింది గానీ, వీధి చివరికి కూడా కనిపిస్తాయి.

"అదే రాసుకో బాబూ" అన్నాను.