నాన్నకి చేరని "రావద్దు"

గ్రూపులో పెద్ద పోస్టు పెట్టడం నాకిదే మొదటిసారి, తప్పులుంటే అన్నలు, అక్కలు ఏమనుకోవద్దు.

మాది కలిదిండి దగ్గర యానాది కాలనీ. నాన్న చేపల చెరువు కాపలా. ఆయనది బటన్ల ఫోన్. చెరువు గట్టు మీద సిగ్నల్ ఉంటే ఉంటది, లేకపోతే లేదు. అందుకే నేను ఏలూరు హాస్టల్ నుంచి మెసేజ్ పెడతాను, ఏడో తరగతి చదివే చెల్లి చదివి వినిపిస్తది.

పోయిన నెల ఇలా పెట్టాను: "నాన్నా, సోమవారం ఏలూరు వచ్చి హాస్టలులో సంతకం పెట్టాలన్నారు కదా, అది బుధవారానికి మార్చారు. సోమవారం రావద్దు."

సోమవారం పొద్దున్నే నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కైకలూరు మీదుగా రెండు బస్సులు మారి, కూలి పోగొట్టుకుని వచ్చాడు. ఫోన్ చూస్తే మెసేజ్ "అది" దగ్గర ఆగిపోయింది. ఇన్‌బాక్స్ కంపెనీ మెసేజ్‌లతో నిండిపోయి ఒక్క ముక్కకే చోటుందంట. నాలుగు చెరిపేస్తే కాసేపటికి రెండో ముక్క టింగుమని వచ్చింది. నాన్న నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

నెట్‌వర్క్స్ సబ్జెక్టు చదువుతున్నాను కాబట్టి లెక్క వేసి చూశాను. ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లే. ఫోన్లు టవర్‌తో మాట్లాడుకునే సిగ్నలింగ్ దారిలోనే దీన్ని పంపుతారు, అందుకే అంత ఇరుకు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు, 160 పడతాయి. జర్మనీ ఇంజనీరు హిల్లెబ్రాండ్ 1985లో ఈ 160 చాలని తేల్చాడు. తెలుగుకి ఒక్కోదానికి 16 బిట్లు, అంటే 70. దాటితే ముక్కలు చేస్తారు. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే గుర్తుకి 6 బైట్లు పోయి, ముక్కకి 67 మిగులుతాయి.

అదీ కంటికి కనపడే అక్షరాల లెక్క కాదు. "నాన్నా" అంటే మనకి రెండక్షరాలు, ఫోన్‌కి ఆరు. దీర్ఘం ఒకటి, ఒత్తు కోసం పొల్లు ఒకటి, అన్నీ విడివిడిగా లెక్కే. వేళ్ల మీద లెక్కపెట్టాను, "అది" తర్వాత ఖాళీతో సరిగ్గా 67. తెలుగుకి కూడా 7 బిట్ల పట్టిక ప్రమాణాల్లో ఉందంట, నా ఫోన్ మాత్రం 70 లెక్కే చూపిస్తది.

పైగా మన భాషలో "వద్దు" చివర్లోనే వస్తది కదా! తోక తెగితే "రావద్దు" కాస్తా "రా" అయిపోద్ది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయమని రూమ్మేట్ అన్నాడు. చెల్లి అది చదవలేదు.

ఇప్పుడు ఇలా రాస్తున్నాను: "రావద్దు నాన్నా, సోమవారం. బుధవారం రా." 36 అయ్యింది. బుధవారం నాన్న మళ్లీ వచ్చి సంతకం పెట్టాడు. వెళ్లేటప్పుడు బస్సు దగ్గర, "ఒరేయ్, ఆ కంపెనీ మెసేజ్‌లు చెరపడం నాకూ నేర్పు" అన్నాడు. బస్సు కదిలేలోపు నేర్పాను.